సోమశిల ఒండ్రు, భీమవరం మందు

ఎండలు ముదిరే కొద్దీ సోమశిల దగ్గర కృష్ణ వెనక్కి జరుగుతుంది. శ్రావణంలో కొండ అంచులు తాకుతూ సముద్రంలా పరుచుకున్న నీరు ఫాల్గుణం దాటేసరికి సన్నబడి, బీటలు వారిన ఒండ్రును బయట పెడుతుంది. ఎగువన సంగమేశ్వరంలో నెలల తరబడి నీళ్లలో ఉండే గుడి ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి చూపిస్తుంది. 1980లలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొల్లాపూర్ వైపు ఊళ్లెన్నో మునిగాయి. సోమశిల జనం మెరకకు వచ్చారు. సోమేశ్వరుడి గుడిని కూడా ఊడదీసి పైకి తెచ్చి మళ్లీ కట్టారు.

ఆ జలాశయం కట్టిన రోజుల్లో 885 అడుగుల మట్టం దగ్గర 308 టీఎంసీలు పట్టేది. ఇప్పటి లెక్క 215.8 టీఎంసీలు. కృష్ణ, తుంగభద్ర మోసుకొచ్చిన మన్ను ఏటికేడు అడుగున కూర్చుని మిగతా చోటును తినేసింది. పూడిక అంటే ఏమిటో ఈ ఒడ్డున పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే గుండె డాక్టరు కాగితం మీద గొట్టం గీసి, "ఇదిగో, ఇక్కడ కొవ్వు పేరుకుంది" అనగానే మన పల్లెటూరి మనిషికి ఇట్టే అర్థమైపోతుంది. కాలువలో పూడిక పడింది, తీయించాలి. స్టెంటు అంటే అలాంటిదే కదా అని తల ఊపుతాడు. సులువుగా తలకెక్కే పోలిక ఇది. దీనిలో తప్పు కూడా అంతే సులువుగా దాక్కుంది. రిజర్వాయరు అడుగు రాయి, మట్టి. పైన ఒండ్రు పడితే పడనిస్తుంది. రక్తనాళం గోడ మాత్రం బతికున్న ఒళ్లు. పరాయిది వచ్చి చేరితే ఊరుకోదు, కాపలావాళ్లను పిలుస్తుంది. వాళ్లు వచ్చి చేసే రభసే ఈ జబ్బులో సగం. ఈ సంగతి వైద్యలోకానికి తలకెక్కడానికి నూరేళ్లకు పైగా పట్టింది. దాన్ని మనుషుల మీద తేల్చుకునే పరీక్షల్లో ఒకదానికి పనిముట్టును అందించినవాడు భీమవరంలో పుట్టిన తెలుగువాడు.

తగువు మొదలైంది పందొమ్మిదో శతాబ్దం నడుమ, వియన్నా, బెర్లిన్ నగరాల మధ్య. వియన్నాలో కార్ల్ రొకిటాన్‌స్కీ శవపరీక్షల్లో ఆరితేరినవాడు. రక్తంలోంచి పదార్థాలు పేరుకుని గోడకు పెచ్చుకడతాయనీ, వాపు లక్షణాలు ఆ తర్వాత వచ్చేవేననీ ఆయన వాదన. మన పూడిక సిద్ధాంతానికి దగ్గరి చుట్టం. బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కోవ్ ఒప్పుకోలేదు. గోడ లోపలే ఏదో రగులుతోంది, కణాలు కదులుతున్నాయి, మొదటి నేరం అక్కడే అన్నాడు. 1850లలోనే ఆ జబ్బుకు 'ఎండార్టరైటిస్' అని పేరు కూడా పెట్టాడు. ఆర్థరైటిస్‌లో చివర ఉన్న 'ఐటిస్' ఇదే. మంట, వాపు, ఎరుపు, నొప్పి అన్నీ కలిసిన మాట. కీళ్లవాతానికి వాడే మాటనే ఆనాడు రక్తనాళానికీ వాడాడు. నూట అరవై ఏళ్ల తర్వాత కీళ్లవాతం మందునే గుండె జబ్బుకు వాడి చూస్తారని విర్కోవ్ కలలో కూడా అనుకుని ఉండడు.

కాపలావాళ్ల సంగతి బయటపెట్టినవాడు ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరంలో నక్షత్రచేప పిల్ల ఒంట్లోకి గులాబీ ముల్లు గుచ్చి పెట్టాడు. తెల్లారేసరికి ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. శత్రువును మింగి అరిగించుకునే కణాలు ఒంట్లో తిరుగుతుంటాయన్న మాట అక్కడ పుట్టింది. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది.

1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్, సెమ్యోన్ చలటోవ్ అనే ఇద్దరు కుందేళ్లకు పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్టరాల్ తినిపించారు. వాటి ధమనుల్లో మనుషుల్లో ఉండే జబ్బు లాంటిదే పుట్టింది. ఈ ప్రయోగం అందరికీ తెలిసిందే, కొలెస్టరాల్ మీద లోకం కన్ను పడింది అప్పుడే. కానీ అనిచ్‌కోవ్ సూక్ష్మదర్శినిలో చూసినది అంతకంటే ఎక్కువ. ధమని పొరల్లో కడుపు నిండా కొవ్వు చుక్కలతో ఉబ్బి, నురగలా కనిపించే కణాలు ఉన్నాయి. మెచ్నికోవ్ చెప్పిన భక్షక కణాల జాతివే అవి అని ఆయన గుర్తుపట్టాడు. కొవ్వు ఒక్కటే వచ్చి కూర్చోలేదు, దాన్ని మింగడానికి తెల్లకణాలు కూడా వచ్చాయి. దురదృష్టం ఏమిటంటే లోకం ఆయన చెప్పిన రెండు మాటల్లో ఒకటే చెవిన పెట్టింది. తర్వాతి యాభై, అరవై ఏళ్లు కొలెస్టరాల్‌వే అయ్యాయి. ఆ పరిశోధన వృథా అని ఎవరూ అనలేరు, స్టాటిన్ మాత్రలు దాని చలవే. కాకపోతే కాపలాకణాల మాట మూలన పడింది.

దాన్ని మళ్లీ వెలుగులోకి లాగినవాళ్లలో స్వీడన్ శాస్త్రవేత్తలున్నారు. 1980ల నడుమ యోటెబొరి నగరంలో లేనా యోనాసన్, యోరన్ హాన్సన్ బృందం మెడ ధమనుల నుంచి ఆపరేషన్‌లో తీసిన కొవ్వు పెచ్చులను, అంటే ప్లాకులను, పరీక్షించింది. ఒక్కో రకం కణాన్ని విడిగా పట్టి చూపించే మోనోక్లోనల్ యాంటీబాడీలు అప్పటికి చేతికొచ్చాయి. వాటితో చూస్తే మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు సరే, వాటి పక్కనే టి కణాలు! టీకాలతోనూ వైరస్‌లతోనూ వ్యవహారం నడిపే టి కణాలకు కొవ్వు దగ్గర ఏం పని? అవి ఊరికే అక్కడ లేవు, రెచ్చిపోయిన స్థితిలో ఉన్నాయి. మనిషి ధమనిలోనే ఈ దృశ్యం కనిపించాక కుందేలు కథ అని కొట్టిపారేయడం కష్టమైంది.

రాస్ అనగానే తెలుగువారికి సికింద్రాబాద్ గుర్తొస్తుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్. ఈ కథలో మరో రాస్ ఉన్నాడు, అమెరికాలోని సియాటిల్‌కు చెందిన రసెల్ రాస్. ధమని గోడకు ముందు గాయమవుతుంది, దానికి ఒళ్లు ఇచ్చే జవాబే జబ్బు అని 1970ల నుంచి వాదించిన మనిషి. 1999 జనవరిలో ఆయన రాసిన వ్యాసం పేరులోనే తీర్పు ఉంది: ధమనుల జబ్బు ఇన్‌ఫ్లమేషన్ జబ్బేనని. అది అచ్చయిన ఏడాదే ఆయన కన్నుమూశాడు.

ఇంతకీ గోడ లోపల జరిగేదేమిటి? చెడ్డ కొలెస్టరాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ రేణువులు ధమని లోపలి పలుచని పొర కిందికి జారి, అక్కడ చిక్కుకుని చెడతాయి. పై పొర కణాలు ఉలిక్కిపడి, తమ ఒంటి మీద జిగురు లాంటి అణువులు మొలిపిస్తాయి. రక్తంలో పోతున్న మోనోసైట్లు అనే తెల్లకణాలు వాటికి తగులుకుని లోపలికి దూరి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. చెడిన కొవ్వును మింగడం మొదలుపెడతాయి. మామూలు కణానికి ఇక చాలు అనే హద్దు ఉంటుంది, వీటికి ఉండదు. మింగి మింగి నురగ కణాలై, చివరికి అక్కడే చస్తాయి. వాటి శవాలు, కొవ్వు కలిసి చీము లాంటి ముద్ద అవుతుంది. దాని మీద కండరకణాలు పీచుతో ఒక మూత అల్లుతాయి. మూత గట్టిగా ఉన్నంతకాలం మనిషికి ఏమీ తెలియదు.

కానీ టి కణాలు వదిలే గామా ఇంటర్‌ఫెరాన్ పీచు అల్లే పనిని ఆపిస్తుంది. మాక్రోఫేజ్‌లు వదిలే ఎంజైములు ఉన్న పీచును కొరికేస్తాయి. కాపాడమని పిలిచినవాళ్లే మూత పలుచన చేస్తారు. కంచే చేను మేయడమంటే ఇదే. ఒకరోజు ఆ మూత చిట్లుతుంది. లోపలి ముద్ద రక్తానికి తగలగానే గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. నాళం సగం కూడా మూసుకోని చోట సైతం ఇలా జరగొచ్చు. నిన్నటిదాకా పొలం పని చేసిన మనిషి పొద్దున్నే కుప్పకూలితే ఊరంతా నోరు వెళ్లబెట్టేది ఇందుకే. పూడిక లెక్కలు ఇక్కడ పనిచేయవు.

ఇక భీమవరానికి వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ 1895 జనవరి 12న పుట్టాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన కుర్రాడు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరినీ కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్లడం ఇంగ్లీషు ప్రొఫెసరుకు గిట్టలేదు. ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్లు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పాడు. ఆ తర్వాత అమెరికా. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం లేకపోతే ఆ ఓడ ఎక్కేవాడు కాదు. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్లినవాడు మళ్లీ తిరిగి రాలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఆ దారిలోనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, తర్వాత ఏటీపీ. కండరం ముడుచుకోవడానికి కావలసిన బలం వీటిదే, గుండె కండరంతో సహా. 1940లో న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు చేరాడు. సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బు ఆయన మనసులోంచి పోలేదు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతను నయం చేసే ఫోలిక్ ఆసిడ్‌ను లెడర్లీలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది.

తయారుచేయడం వచ్చాక, దానికి కాస్త తేడా పెట్టి నకిలీని తయారుచేయడం కూడా వచ్చింది. కణం ఫోలిక్ ఆసిడ్ అనుకుని నకిలీని పట్టుకుంటే దాని విభజన ఆగిపోతుంది. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ లుకేమియాతో చనిపోతున్న పిల్లలకు ఇలాంటిదొకటి కావాలని అడిగాడు. పెర్ల్ రివర్ నుంచి అమినాప్టెరిన్ వెళ్లింది. పదహారు మంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. అంతకుముందు ఆ జబ్బుకు ఏ మందూ అంత పని చేయలేదు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్.

రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు రాత్రి నిద్రలోనే పోయాడు. గుండెపోటు. వయసు యాభై మూడు. గుండె కండరానికి బలం ఎక్కడిదో కనుక్కున్న మనిషిని గుండే తీసుకుపోయింది. అదే ఏడాది అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో గుండె జబ్బులకు కారణాలు వెతికే పెద్ద అధ్యయనం మొదలైంది. రక్తపోటు, కొలెస్టరాల్, పొగ అని ఈరోజు పిల్లలు కూడా వల్లించే మాటలు అప్పటికి డాక్టర్లకే తేలలేదు. సుబ్బారావు ధమనుల్లో ఏం జరుగుతోందో చెప్పగల మనిషి ఆనాడు భూమ్మీద లేడు.

ఆయన మందు మాత్రం ఆగలేదు. 1951లో అమినాప్టెరిన్ కీళ్లవాతం వాపును, సొరియాసిస్‌ను తగ్గిస్తుందని గమనించారు. మెల్లగా దాని చోటులోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. క్యాన్సరుకు పెద్ద మోతాదు, కీళ్లకు చిన్న మోతాదు, అదీ వారానికి ఒక్కసారే. 1988లో రుమటాయిడ్ కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా ఆ జబ్బుకు ముందు వాడే మందు అదే. వాడుతూ ఉండగా వైద్యులకు ఒక సంగతి కంటపడింది. కీళ్లవాతం ఉన్నవాళ్లకు గుండెపోట్లు ఎక్కువ, కానీ మెథోట్రెక్సేట్ తీసుకుంటున్నవాళ్లలో అవి తక్కువ. పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2011 నాటి లెక్కలో గుండె, రక్తనాళాల జబ్బులన్నిటికీ కలిపి ఆ తగ్గుదల 21 శాతం. విర్కోవ్ పెట్టిన 'ఐటిస్' నిజమేనా? కీలు వాపును అణచిన మందు ధమని వాపునూ అణుస్తుందా?

బోస్టన్‌లో గుండె జబ్బుల పరిశోధకుడు పాల్ రిడ్కర్ ఈ ప్రశ్నను రెండు వైపుల నుంచి పట్టుకున్నాడు. ఒకవైపు కానాకినుమాబ్ అనే ఖరీదైన సూదిమందు. ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఒకే ఒక్క సంకేతాన్ని అడ్డుకుంటుంది, కొలెస్టరాల్ జోలికి పోదు. ఒకసారి గుండెపోటు వచ్చిన 10,061 మంది మీద ఆ పరీక్ష. 2017లో ఫలితం వచ్చింది: 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు చావులు కలిపి 15 శాతం తగ్గాయి. కొలెస్టరాల్ తగ్గకుండానే! అనిచ్‌కోవ్ రెండో మాటకు నూట నాలుగేళ్లకు సాక్ష్యం దొరికింది. అయితే అంటురోగాలతో చావులు కొంచెం పెరిగాయి. కాపలావాళ్లను మందలిస్తే ఊరి తలుపులు తెరుచుకుంటాయి మరి.

రెండో వైపు సుబ్బారావు పరంపరలోని చవక మాత్ర. అమెరికా, కెనడాల్లో 4,786 మందిలో సగం మందికి వారానికి 15 నుంచి 20 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, మిగతావారికి ఉత్తి మాత్ర. అందరికీ రోజూ ఒక మిల్లీగ్రాము ఫోలిక్ ఆసిడ్. పెర్ల్ రివర్ పరిశోధనశాల సంతానం రెండూ ఆ రోగుల మందుల డబ్బాలో పక్కపక్కనే ఉన్నాయి. పేదదేశాల కోణంలో చూస్తే ఇదే అసలు ఆశ. సూదిమందు మన ఊళ్లకు రాదు, మాత్ర ఎప్పుడో వచ్చేసింది.

పనిచేయలేదు. పరీక్షను ముందుగానే ఆపేశారు, 2018 నవంబరులో ఫలితం చెప్పారు. గుండెపోట్లు తగ్గలేదు సరికదా, కాలేయం ఎంజైములు పెరిగాయి, తెల్లకణాల సంఖ్య తగ్గింది. ఈ ఓటమిని చిన్నచూపు చూడటం పొరపాటు. ఎందుకంటే అదే పరీక్షలో రోగుల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6, సీఆర్‌పీ ఏవీ తగ్గలేదని కూడా తేలింది. సూదిమందు అణచినవి అవే. అంటే ధమనిలో మంట అని గంపగుత్తగా అనడం చాలదు, ఏ దారిన వచ్చే మంట అన్నది ముఖ్యం. కీళ్లలో పని చేసిన మందు ధమనిలో ఎందుకు పని చేయలేదో అడిగే వీలు మెథోట్రెక్సేట్ వల్లే కలిగింది. ఆ 'కాదు' అనే జవాబు వచ్చేనాటికే వేరే మందుల మీద పరీక్షలు నడుస్తున్నాయి.

వాటిలో ఒక మందు మన అడవుల వైపు చూపు తిప్పిస్తుంది. కాల్చిసిన్ అనే పాత గౌటు మందు తెల్లకణాల చలనాన్ని మందగింపజేస్తుంది. 2019లో 4,745 మంది మీద, 2020లో 5,522 మంది మీద జరిగిన రెండు పరీక్షల్లో రోజుకు అర మిల్లీగ్రాము మోతాదు గుండె ముప్పును 23 శాతం, 31 శాతం తగ్గించింది. 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది ఏడు వేల మందితో జరిగిన ఇంకో పరీక్షలో లాభం కనబడలేదు కాబట్టి తగువు తీరలేదు. ఆ మందు ఉన్న మొక్కల్లో ఒకటి మన అడవినాభి. వానలు పడగానే తుప్పల మీదికి ఎగబాకి, ఎరుపు పసుపు రేకలను మంటలా పైకి విరుచుకుని పూసే తీగ. అగ్నిశిఖ అని ఇంకో పేరు. దాని దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మందుకూ విషానికీ మధ్య దూరం అక్కడ గోరంతే, ఇంటి వైద్యానికి పనికిరాదు.

తెలుగునేల మీద ఈ జబ్బు బరువెంతో చెప్పే లెక్క కూడా గోదావరి జిల్లాలదే. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాది పొడవునా ప్రతి చావుకూ కారణం ఆరా తీశారు. మొత్తం 1,354 చావులు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటురోగాలు, పరాన్నజీవుల వల్ల పోయినవారు అందులో సగం కూడా లేరు. సుబ్బారావు పుట్టిన డెల్టాలో ఆయన చిన్ననాడు ఇళ్లు ఖాళీ చేసినవి విరేచనాలు, జ్వరాలు. ఆయన బృందం తెచ్చిన హెట్రజాన్ అనే మందును మన బోదకాలు ఊళ్లలో ఇప్పటికీ మింగిస్తున్నారు. ఆయన ఎదిరించిన శత్రువులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గాక, ఆయనను తీసుకుపోయిన జబ్బు ముందుకొచ్చి కూర్చుంది.

ఆ పల్లెల్లో కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన ఆడవాళ్ల ఇళ్లల్లో ఇప్పుడు రెండు రకాల మాత్రలు కనిపిస్తాయి. చిన్న పసుపు మాత్ర మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రెండోది ఫోలిక్ ఆసిడ్. మరిచిపోకుండా ఉండాలని కొందరు క్యాలెండరులో ఆదివారాల మీద గుండ్రంగా సున్నా చుట్టుకుంటారు.